గోడవైపు తిరిగిన అమ్మోరు

వైజాగ్ షిప్పు మూడింటికి మా దీవిలోని హాడో జెట్టీ వదులుతుంది. పైడిబాబుని నాలుగింటికి కోర్టులో నిలబెడతారు. ఈ రెండూ ఒకే తాడుకి రెండు కొసలని ఆ శుక్రవారం ఉదయం నాకు తెలీదు. అసలు ఆ ఉదయం నాకు ఏదీ సరిగ్గా తెలియడం లేదు. మా నాన్న పోయి అయిదో రోజు. పళ్ల డాక్టరు సూదిమందు ఇచ్చాక చెంప మనది కానట్టు ఉంటుంది చూడండి, నాకు ఒళ్లంతా అలా ఉంది. ఏడుపు రాలేదు, ఆకలి వేయలేదు, నిద్ర మాత్రం బాగా పట్టింది. అందుకు సిగ్గుపడాలని కూడా తోచలేదు.

మైల రోజుల్లో గడప దాటొద్దని చిన్నమ్మ అంది. ఇంట్లో ఉంటే తిప్పేసిన దేవుడి పటాల వీపులు చూస్తూ కూర్చోవాలి. చావు కబురు వినగానే మా వాళ్లు మొట్టమొదట చేసే పని అదే, ఏడవడం కూడా ఆ తర్వాతే. పటాలన్నీ గోడవైపు తిప్పేస్తారు. పెద్దకర్మ అయ్యేదాకా ఆ ఇంటివాళ్లెవరూ వాటిని ముట్టుకోరు, దీపం వెలగదు. ఆరోజు ఆస్పత్రివాళ్లు ముందు చిన్నమ్మకే చెప్పారు. నేను ఇంటికొచ్చి చెప్పులు విప్పుతూ ఆ పటాలు చూశాను. నాన్న లేడని నాకెవరూ నోటితో చెప్పనక్కర్లేకపోయింది.

అందుకే అమ్మడు వచ్చి పిలిస్తే లేచి వెళ్లిపోయాను. పోలీసు ఉద్యోగం వదిలేసి సొంతంగా డిటెక్టివ్ పని పెట్టుకున్నాక నా దగ్గరికి వచ్చేవాళ్లలో సగం మంది తప్పిపోయిన మొగుళ్ల కోసం వస్తారు. అమ్మడి మొగుడు తప్పిపోలేదు, లాకప్‌లో ఉన్నాడు. పైడిబాబు చేపలు పడతాడు, అమ్మడు హాడోలో అమ్ముతుంది. మంగళవారం సాయంత్రం తన పడవలో ఎక్కించుకున్న సత్యారావుని చంపాడని అతని మీద కేసు. పోలీసు కస్టడీ ఈరోజుతో అయిపోతుంది. సాయంత్రం కోర్టు జైలుకి పంపిందంటే, విచారణ ఎన్నేళ్లు పడుతుందో ఎవరూ చెప్పలేరు.

"పడవలో ఉండేది ఒకటే లైఫ్ జాకెట్ దీదీ. అది సత్యారావు బావకే తొడిగినాడు. సంపేటోడు జాకెట్ తొడుగుతాడేటి?" అంది అమ్మడు. నేను తలూపాను. జాలి కలగాల్సిన చోట కలగలేదు గాని, మాట మాత్రం సరిగ్గా తగిలింది.

సత్యారావుది బతు బస్తీ అనే పేట. దీవుల మధ్య తిరిగే బోట్లు నడిపే సారంగుగా చేసి రిటైరయ్యాడు. యుద్ధం రోజుల్లో జపానువాళ్లు ఈ దీవులు పట్టుకున్నప్పుడు వాళ్ల తాత ఒక జపాను అధికారికి వంట చేసేవాడు. ఓడిపోయి వెళ్లేటప్పుడు ఆ అధికారి మూడు బొమ్మలు ఆయన చేతిలో పెట్టి పోయాడు. చెక్క మీద చెక్కి, రంగుకొక చెక్క పెట్టి, చెమ్మ కాగితం మీద చేత్తో రుద్ది అచ్చేసిన బొమ్మలు. కలకత్తాలో అలాంటి బొమ్మల సంగతి తెలిసిన ఒకావిడతో ఫోన్లో మాట్లాడితే ఆవిడ ఓపిగ్గా చెప్పింది. అవి కబుకి అనే జపాను నాటకంలో పేరుమోసిన నటుల బొమ్మలట. మన కుర్రాళ్లు సినిమా హీరోల బొమ్మలు గోడకి అంటించుకున్నట్టు అప్పట్లో అక్కడి జనం కొనుక్కునేవారట. కథ ముదిరిన చోట నటుడు గుడ్లు ఉరిమి, ఒక కన్ను ముక్కువైపు తిప్పి, ఉన్నపళంగా బిగుసుకుపోతాడు. బొమ్మ వేసేవాడు ఆ క్షణాన్నే పట్టుకుంటాడు. ఆవిడ ఆ మాట అంటుంటే నాకు నేనే గుర్తొచ్చాను, నేను బిగుసుకుపోయి అయిదు రోజులైంది.

మూడింటిలో రెండు మగవేషాలు, ఒక కత్తివీరుడు, ఒక దుర్మార్గుడు. అవి ట్రంకుపెట్టెలో ఉండేవి. మూడోది రాక్షసిగా మారిన ఆడదాని వేషం. కట్టింది మాత్రం మగాడే, మన పాత నాటకాల్లో లాగే. ఎర్రటి గీతల ముఖం, ఉరిమే చూపు. సముద్రం మీద బతికే ఇంటికి అంతకంటే అమ్మోరు ఎక్కడ దొరుకుతుంది? సత్యారావు నాయనమ్మ దానికి కుంకుమ బొట్టు పెట్టి, అద్దం ఫ్రేము కట్టించి, గోడకి తగిలించింది. అప్పటినుంచి ఆ ఇంట్లో ఒక జపాను నటుడికి పసుపు కుంకుమలు జరుగుతున్నాయి. పేటలో అందరూ దాన్ని జపాను అమ్మోరనే అంటారు. అమ్మోరు ఎవరి ముఖం పెట్టుకుని వస్తే మాత్రం ఏమిటని నేను అడ్డు చెప్పను.

ఈమధ్య ఒక కొనేవాడు వచ్చి, నీళ్లకి అవతలి ఒడ్డున బాంబూఫ్లాట్‌లో దిగాడు. మూడూ కలిపి కావాలన్నాడు. రెండిస్తాను, అమ్మోరిని మాత్రం ఇవ్వనన్నాడు సత్యారావు. తడవకుండా రెండు బొమ్మలూ చుట్టి ప్లాస్టిక్ పైపు ముక్కలో పెట్టుకుని మంగళవారం సాయంత్రం పైడిబాబు పడవ ఎక్కాడు. బుధవారం పొద్దున్న బాంబూఫ్లాట్ జెట్టీ కింద శవమై తేలాడు. తల వెనక దెబ్బ, ఒంటిమీద జాకెట్ లేదు. బొమ్మలు లేవు. ఖాళీ పైపు పైడిబాబు పడవలో దొరికింది. బొమ్మలు చొక్కాలోకి దోపుకుని, పైపు మర్నాడు తీసుకుంటానని జాకెట్‌తో పాటు పడవలోనే వదిలి దిగాడని పైడిబాబు చెప్పాడు. ఎవరూ నమ్మలేదు. సత్యారావు తన దగ్గరికి రానేలేదని చెప్పేసి, కొనేవాడు భయపడి విమానం ఎక్కి పోయాడు.

నేను సత్యారావు ఇంటికి వెళ్లేసరికి అతని తమ్ముడు మల్లేశు తెల్లటి పంచె కట్టుకుని వాకిట్లో మునగచెట్టు కింద నిలబడి ఉన్నాడు. కొమ్మకి ఒక రెక్సిన్ సంచి వేలాడుతోంది. అందులో అన్న అస్థికల కుండ. పొద్దున్నే శ్మశానం నుంచి తెచ్చారు. అస్థికలు ఇంట్లోకి తేకూడదు కాబట్టి చెట్టుకి కట్టారు. అవి గోదావరిలో కలపడానికి మల్లేశు వైజాగ్ షిప్పులో వెళ్తున్నాడు.

మంగళవారం ఎక్కడున్నావని అడిగాను.

"డ్యూటీ అయిపోనాక ఐస్ ప్లాంటు నుంచి సీదా ఇంటికే ఒచ్చినాను దీదీ. అరుగు మీద పడిపోనాను. అన్న ఎప్పుడెళ్లినాడో నాకేటి మాలూమ్?"

కబురు ఎలా తెలిసిందని అడిగితే, పొద్దెక్కాక పోలీసులు ఫోన్ చేశారన్నాడు. బొమ్మలు అమ్మడం గురించి అన్నతో గొడవ పడ్డావా అంటే లేదన్నాడు. అన్నిటికీ ఠకీమని జవాబు చెప్పాడు. అరుగు మీదికి రమ్మంటే మాత్రం రాలేదు, ఆ సంచికి చెయ్యి చాపితే అందేంత దూరంలోనే ఉండిపోయాడు. అన్న మీద ప్రేమ అనుకున్నాను. ప్రేమంటే ఎలా ఉంటుందో నాకు ఆరోజు సరిగ్గా గుర్తు లేదు మరి.

లోపల సత్యారావు భార్య సీతాలు చాప మీద కూర్చుని ఉంది. ఏడ్చి ఏడ్చి గొంతు పోయింది. మూలన గోడకి ఆనుకుని వాళ్లత్త, సత్యారావు తల్లి అప్పలకొండమ్మ. కళ్ల మీద పొర కమ్మిన ముసలావిడ. బొట్టు లేని నా నుదురు చూడలేకపోయినా, ఎలా పసిగట్టిందో, ఎవరి మైలలో ఉన్నావని అడిగింది. నాన్న అన్నాను. పక్కన కూర్చోమని చాప తట్టింది. నన్ను ఎవరూ ఓదార్చకుండా ఉన్న చోటు అదొక్కటే దొరికింది, కూర్చున్నాను.

ఎదురుగా గోడకి అమ్మోరి పటం, వెనక అట్ట మనవైపుకి. మైల ఇల్లు కదా, అలాగే ఉంటుంది. నేను దాన్ని చూస్తూ సీతాలుని అడగాల్సినవి అడిగాను. ఫోన్ రాగానే చెప్పుల్లేకుండా జెట్టీకి పరిగెత్తానని చెప్పింది. అత్త అప్పటికే అరుగు చివర కూలబడి ఉందట, పలకరించినా పలకలేదట.

అప్పుడు ఒక మాట ఊరికే అడిగాను. కబురు రాగానే పటం ఎవరు తిప్పారని.

"అత్తే తిప్పుంటాది" అంది సీతాలు. "నాను ఆ గదిలోకే రాలేదు."

లేచి వాకిట్లోకి వెళ్లి మల్లేశుని అదే అడిగాను. అంతవరకూ ఠకీమని చెప్పినవాడు ఈసారి ఆలస్యం చేశాడు. వదినేమో అన్నాడు. అప్పుడే ఆటో వచ్చింది. కొమ్మకున్న సంచి విప్పుకుని భుజానికి తగిలించుకున్నాడు. సందులో ఎదురొచ్చినవాళ్లు గోడలకి అంటుకుపోయి దారి ఇచ్చారు. ఒక్కరు కూడా ఆ సంచికి తగలలేదు.

మళ్లీ లోపలికి వచ్చి పటం దగ్గరికి వెళ్లాను. నేనూ మైలలో ఉన్నదాన్నే, ముట్టుకోకూడదు. చేతులు వెనక్కి పెట్టుకుని, ఫ్రేముకీ గోడకీ మధ్య సందులోకి పక్కనుంచి తొంగి చూశాను. వేపమండ కనిపించింది. ఎండి, ఆకులు ముడుచుకుని, ఫ్రేముకి ముందువైపు గుచ్చినది గుచ్చినట్టే ఉంది.

"అక్కా, అమ్మోరికి వేపమండ రోజూ పెడతారా?"

"మంగళారం మట్టుకే. బుధారం పొద్దున్నే అత్త తీసేసి మందారం పెడతాది. నా పెళ్లైన కాడినుంచి ఒక్కనాడు తప్పలేదు."

ముసలావిడ వైపు చూశాను. పొర కమ్మిన కళ్లు నావైపే ఉన్నాయి. మామ్మా, పటం నువ్వే తిప్పావా అని అడిగాను. ఆవిడ ముఖం పక్కకి తిప్పుకుంది. రెండోసారి అడగబోతుంటే బయట జీపు ఆగింది.

ఇన్స్పెక్టర్ యుగంధర్‌ది బాంబూఫ్లాట్ స్టేషన్, ఈ కేసు అతనిదే. మేమిద్దరం ఒకేసారి ఉద్యోగంలో చేరాం. నేను ఎందుకు మానేశానో అతనికి తెలుసు, అతను ఎందుకు మానలేదో నాకు తెలుసు. అందుకే ఎదురుపడితే ఇద్దరికీ ఒళ్లు మండుతుంది. నాకు ఆరోజు అది కూడా మండలేదు.

"నా సాక్షుల్ని నువ్వెందుకు కదుపుతున్నావు? నీ ఇంట్లోనే చావు జరిగింది. వెళ్లి మీ చిన్నమ్మ దగ్గర కూర్చో గౌతమీ. ఇది అయిపోయిన కేసు."

బొమ్మలు దొరికాయా అన్నాను. దొరకలేదు, భయపడి సముద్రంలో పారేసి ఉంటాడన్నాడు. వాటికోసమే చంపినవాడు పారేస్తాడా అంటే, అది కోర్టులో లాయర్ని అడగమను అన్నాడు.

"సరే. మంగళవారం రాత్రి పైడిబాబు ఎక్కడున్నాడు?"

"జెట్టీ దగ్గర మా పోలీసు షెడ్డులో. బాంబూఫ్లాట్ నుంచి తిరిగొస్తుంటే పడవకి లైటు లేదని మావాళ్లే పట్టుకున్నారు. తెల్లారేదాకా కూర్చోబెట్టారు. చంపింది అంతకుముందే. కొత్త విషయం ఏమైనా ఉంటే చెప్పు."

"తెల్లారేదాకా మీ దగ్గరే ఉన్నాడు కదా. ఆ రాత్రి ఈ పటం తిప్పిందెవరు?"

అతను నవ్వాడు. పటం తిప్పితే ఏ సెక్షన్ పెట్టమంటావని అడిగాడు. అన్ని ఇళ్లలోలాగే కబురు రాగానే ఎవరో తిప్పి ఉంటారన్నాడు. సందులోకి చూడమన్నాను. చూశాడు. వేపమండ మంగళవారానిదని చెప్పాను. బుధవారం తెల్లవారుజామున మామ్మ దాన్ని తీసి మందారం పెట్టాలి. పెట్టలేదు. అంటే అప్పటికే అమ్మోరు గోడవైపు తిరిగి ఉంది. శవం దొరికింది ఎనిమిది దాటాక. ఇంటికి కబురు వచ్చింది ఇంకా తర్వాత.

"చావు కబురు రాకముందే ఈ ఇంట్లో ఒకరికి మైల తెలుసు యుగంధర్. వాళ్లకి ఎలా తెలుసు?"

అతను నవ్వు ఆపాడు. ముసలావిడ మరిచిపోయి ఉంటుందన్నాడు గాని, ఆ మాటకి బలం లేదని అతనికే తెలిసింది. మనవాడే కదా, వాళ్లింట్లోనూ పటాలు తిప్పుతారు. పైడిబాబు కూడా మన కులపువాడే, వాడికీ ఈ అలవాటు ఉంటుందని మళ్లీ వాదించాడు. నిజమే, ఉంటుంది. కాని ఆ రాత్రంతా వాడు నీ షెడ్డులో ఉన్నాడని మళ్లీ చెప్పాను. తన కాపలాయే తన కేసుకి అడ్డం పడుతుంటే ఏ పోలీసుకైనా చిరాకే.

"పటం తియ్యి" అన్నాను. "ఈ గదిలో మైల లేనివాడివి నువ్వొక్కడివే."

నాకు పని చెప్పకు అన్నాడు. అంటూనే బూట్లు విప్పి, చేతులు తుడుచుకుని, ముసలావిడ వైపు ఒకసారి చూసి, పటం దించి తిప్పాడు.

బొమ్మ అక్కడే ఉంది. ఎర్రటి గీతలు, ముక్కువైపు తిరిగిన కన్ను, నుదుట పాత కుంకుమ మరక. యుగంధర్ ఊపిరి వదిలి, ఏమీ పోలేదు చూశావా అన్నాడు. నేను కలకత్తా ఆవిడ చెప్పిన మాట గుర్తు చేసుకుంటున్నాను. తల వెనకున్న బూడిదరంగు జాగా ఉత్త రంగు కాదట, అభ్రకం పొడి కలిపి అద్దుతారట. ఫోన్ లైటు వెయ్యమన్నాను. వేశాడు. ఆ వెలుగు అద్దం మీద ఒక్కచోట తెల్లగా పడింది. అంతే, వెనక ఏమీ మెరవలేదు.

మూలనుంచి అప్పలకొండమ్మ లేచింది. గోడ పట్టుకుంటూ వచ్చి, పటానికి ఒక జానెడు దూరంలో ముఖం పెట్టి, అటూ ఇటూ తల ఆడించింది.

"దీపం ఎడితే అమ్మ ఎనకాల సేప పొలుసునాగ మెరిసీది. కళ్లు పోనాయి గదా, మొకం అవుపడదు. ఆ మెరుపే సూసుకుంటన్నాను ఇన్నాళ్లూ." ఆమె గొంతులో ఏ తేడా లేదు. "ఇది మా అమ్మ కాదు."

యుగంధర్ ఫ్రేము వెనక మేకులు లాగి కాగితం బయటికి తీశాడు. నున్నటి ఫోటో కాగితం, వీపు తెల్లగా ఉంది. చేత్తో అచ్చేసిన బొమ్మకి రంగు వెనక్కి ఊరుతుంది, దీనికి ఊరలేదు. ఏ ఫోటోషాపులో అయినా చేసిచ్చే రకం. అంటే దొంగ ముందే తయారు చేయించి పెట్టుకున్నాడు.

ఎంత సిద్ధంగా వచ్చాడో చూడండి. అసలు తీసి నకలు పెట్టి ఎప్పటిలాగే తగిలించి పోతే, కళ్లు కనపడని ముసలమ్మ పట్టుకోలేదు అనుకున్నాడు. నకలుతోనే పని అయిపోయేది. కాని తగిలించేటప్పుడు ఆ ఇంట్లో చావు జరిగిందని అతనికొక్కడికే తెలుసు. చావు జరిగిన ఇంట్లో అమ్మోరి ముఖం బయటికి పెట్టడానికి అతని చేతులు ఒప్పుకోలేదు. చిన్నప్పటినుంచి నేర్చిన చేతులు, బుర్ర వద్దన్నా వినవు. బయటివాడైతే ఈ పొరపాటు చేయడు.

"మల్లేశు" అన్నాడు యుగంధర్, తనలో తను అనుకుంటున్నట్టు. వెంటనే అడ్డం తిరిగాడు. ఇది ఊహ మాత్రమే, వేలిముద్రలు కావాలి, సాక్షి కావాలి, అప్పటిదాకా పైడిబాబుని వదలనన్నాడు.

సాక్షి మా పక్కనే నిలబడి ఉంది. నేను ముసలావిడని చాప మీద కూర్చోబెట్టాను.

"మామ్మా, బుధవారం తెల్లారకట్ల నువ్వు లేచేసరికి అమ్మోరు తిరిగి ఉంది కదా?"

ఆవిడ నాతో కాకుండా గోడతో చెప్పినట్టు చెప్పింది.

"మందారం కోసుకుని ఒచ్చినాను. సెయ్యి ఎడితే అట్ట తగిలినాది. ఇంట్లో ఒకరు తగ్గిపోనారని తెలిసిపోనాది. ఎవులన్నది తెల్దు. సీతాలు కాడికెళ్లి ముక్కు కింద ఏలు ఎట్టినాను, ఊపిరున్నాది. అరుగు మీదకొచ్చి మల్లేశు గుండె మీద సెయ్యేసినాను. గుండె దడదడా కొట్టుకుంటన్నాది. నిద్దరోతన్నోడి గుండె అలగ కొట్టుకోదు. పిలిస్తే పలకలేదు. పెద్దోడి మంచం కాళీ."

సీతాలు నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ముసలావిడ నా చెయ్యి వెతికి పట్టుకుంది.

"ఒక కొడుకు పోనాడు. రెండోవోడిని నా నోటితోనే పంపమంటావేటి అమ్మా?"

అవునని అనాలి. అమ్మడు మొగుడు చెయ్యని తప్పుకి జైలుకి పోతున్నాడని చెప్పాలి. చెప్పాను కూడా. కాగితం చూసి చదివినట్టు చెప్పాను, లైఫ్ జాకెట్ సంగతితో సహా. నాన్న పోయిన దగ్గర్నుంచి నా మాట నాకే వేరే ఎవరిదో అనిపిస్తోంది. ముసలావిడ విని, చెయ్యి వదిలేసింది.

"షిప్పు ఎప్పుడు?" అని అడిగింది.

అప్పుడు వెలిగింది నాకు. మునగచెట్టు, రెక్సిన్ సంచి, గోడలకి అంటుకుపోయిన మనుషులు. పోలీసులు ఇల్లంతా వెతికారు, పడవ విప్పి చూశారు. అస్థికల సంచిలో చెయ్యి పెట్టడానికి ఈ దీవుల్లో ఎవరు ముందుకొస్తారు?

జీపు ఎక్కాం. ముసలావిడ కూడా వస్తానంటే యుగంధర్ వద్దనలేకపోయాడు. హాడోలో ప్యాసింజర్ల వరస గేటు దాకా ఉంది. ఆ వరసలో ఒకచోట మాత్రం ముందూ వెనకా ఖాళీ. మధ్యలో మల్లేశు, భుజాన సంచి.

యుగంధర్ రెండడుగులు వేసి ఆగిపోయాడు. యూనిఫాంలో ఉన్న మనిషి నలుగురిలో చచ్చిపోయినవాడి బూడిద కెలికితే, అందులో ఏమీ దొరక్కపోతే, జనం ఊరుకోరు. నేను తీస్తాను, నాకు మైల కొత్త కాదు అన్నాను. ఆ మాట పూర్తికాకముందే అప్పలకొండమ్మ నా భుజం వదిలి ముందుకు వెళ్లింది. వరస దానంతటదే పక్కకి జరిగింది.

"సిన్నోడా."

మల్లేశు తిరిగి చూశాడు. మమ్మల్నీ చూశాడు. పారిపోతాడనుకున్నాను. పారిపోవడానికి ఎటుచూసినా సముద్రమే.

"అమ్మ ఎల్లిపోతన్నాది గదరా. ఒక్కపాలి మొకం సూసుకుంటాను. తియ్యి."

అరవలేదు, నిలదీయలేదు. కూర తక్కువైందని చెప్పేటప్పుడు కూడా తల్లులు అంతకంటే గట్టిగా మాట్లాడతారు. మల్లేశు పెదాలు కదిలాయి. ఏ అమ్మ, ఏటి తియ్యాలి అని అనొచ్చు. అనలేదు. సంచి నేల మీద పెట్టి, జిప్పు తీసి, కుండ పక్కనుంచి పాలిథిన్ చుట్టిన కట్ట ఒకటి లాగాడు. విప్పాడు. మూడు కాగితాలు. పై రెండూ సంచి మీద పడ్డాయి, కత్తివీరుడు, దుర్మార్గుడు. మూడోది రెండు చేతులతో పట్టుకుని తల్లికి ఎదురుగా సాచాడు.

సాచి, తిప్పేశాడు. తనకి తెలియకుండానే. అస్థికలు పక్కనుండగా అమ్మోరి ముఖం బయటికి చూపించలేక, ముఖం తన గుండెకి ఆనించుకుని వీపు మావైపు పెట్టాడు. పాతబడిన కాగితం. వెనక్కి ఊరిన రంగులో ఆ కళ్లు లీలగా కనిపిస్తున్నాయి.

ముసలావిడ వేళ్లతో కాగితం వీపుని తడిమింది. వేళ్లు దాటి అతని ఛాతీ తగిలింది.

"ఆ రేత్రీ ఇలగే తిప్పినావు. ఇలగే కొట్టుకున్నాదిరా నీ గుండె" అంది.

మల్లేశు నేలమీద కూలబడ్డాడు. బాంబూఫ్లాట్ జెట్టీ మీద ఎదురుచూశాననీ, మూడూ ఇచ్చేద్దామని బతిమాలాననీ, అన్న వినలేదనీ, తోశాననీ, ఒక్కసారే తోశాననీ, లేవకపోతే బొమ్మలు తీసుకుని నీళ్లలోకి జార్చి ఆఖరి బోటులో ఇంటికొచ్చాననీ చెప్పాడు. యుగంధర్ విన్నాడు. విని, ఫోన్ తీసి, పైడిబాబుని జైలుకి పంపమని కోర్టులో అడగొద్దని ఎవరికో చెప్పాడు. నావైపు చూడలేదు. చూడకపోవడమే మంచిదైంది.

షిప్పు కూత వేసింది. వరస కదిలింది. అప్పలకొండమ్మ సంచి దగ్గర కూర్చుని, జిప్పు సరిగ్గా వేసి, పెద్దకొడుకుని ఒళ్లోకి తీసుకుంది. అవతల చిన్నకొడుకుని జీపు ఎక్కిస్తున్నారు. అటు తల తిప్పలేదు. సంచి మీద చెయ్యి వేసి, నిద్రపుచ్చేటట్టు మెల్లగా తట్టింది.

నాన్న పోయిన రోజు నా చేతికి అలాంటి పని ఏదీ దొరకలేదు. ఆమె పక్కన కూర్చున్నాను. ఏడుపు అప్పుడొచ్చింది.